తాత కంప్యూటర్‌లో ఎప్పుడూ ఏప్రిలే

ఆ ఆదివారం మద్రాసులో చూలై పేటలోని ఆ ఇంట్లో ఐదుగురు ఉన్నారు. ముందుగదిలో కంప్యూటర్ ఎదుట రామచంద్రమూర్తి తాత. వంటింట్లో చారుకు పోపు పెడుతూ రాజలక్ష్మి అవ్వ. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ వాళ్ళ కోడలు రాగిణి. సోఫాలో అడ్డంగా పడుకుని ఫోన్ చూస్తూ రాగిణి కూతురు ప్రణవి. ఐదో మనిషి భాను. ఆ పిల్ల ఇంట్లో ఎక్కడుందో చెప్పడం ఎప్పుడూ కొంచెం కష్టమే. ఎవరి కాళ్ళకూ అడ్డం రాకుండా తిరగడం నేర్చుకుంది. ఆ నిమిషానికి మాత్రం ముందుగది గుమ్మం దగ్గర, తలుపు మూసుకుపోకుండా ఆనించి పెట్టిన పాత పంచాంగాల దొంతర పక్కన, డైరీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రాగిణి భర్త హేమచంద్ర ఆఫీసు పని మీద ముందురోజే హోసూరు వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ లాప్‌టాప్ కూడా పట్టుకుపోయాడు. ఆ సంగతి ఆ రోజు అందరికీ పదేపదే గుర్తొచ్చింది.

భాను అసలు పేరు ఉదయభాను. వెంకటగిరి పక్కన చిన్న పల్లె. వాళ్ళ నాయన ఇంట్లోనే మగ్గం నేస్తాడు. ఊరి బడిలో పది పాసయ్యాక, మద్రాసులో చేనేత నేర్పే కళాశాల ఒకటుందనీ, మూడేళ్ళ చదువనీ, హాస్టల్ కూడా ఇస్తారనీ లెక్కల మాస్టారు చెప్పాడు. ముప్పై సీట్లు. పరీక్ష కంప్యూటర్లోనే రాయాలి, ఫోన్‌లో కుదరదు. సీటు రాకపోతే ఏం చేయాలో కూడా ఇంట్లో అనుకున్నారు. నెల్లూరులో తెలిసినవాళ్ళ చీరల కొట్టుంది, ఆడపిల్లలను పెట్టుకుంటారు. పొద్దున్నించి రాత్రిదాకా మడిచిన చీరలు విప్పడం, విప్పిన చీరలు మడవడం. చీర నేసే ఇంట్లో పుట్టి, ఆ చీరలు మడవడానికి పోవాలంటే భానుకు ఏడుపొచ్చింది గానీ, పైకి ఏమీ అనలేదు. ఆమె పైకి ఏమీ అనదు. ఏదున్నా డైరీలో రాసుకుంటుంది.

అప్పుడు రాగిణి ఫోన్ చేసి, "మా ఇంట్లో కంప్యూటర్ ఉండాది, పిల్లను పంపీ అన్నా," అంది. రాగిణి భాను నాయనకు చిన్నాన్న కూతురు, అంటే భానుకు అత్త. పెళ్ళిళ్ళలో తప్ప చూసింది లేదు. ఆ ఒక్క మాటతో భాను మే నెల ఇరవై ఎనిమిదిన బస్సెక్కి చూలైకి వచ్చింది.

పద్దెనిమిది రోజుల్లో ఆ ఇంటి వరసలన్నీ ఆమెకు తెలిసిపోయాయి. వాళ్ళ తెలుగులో సగం అరవం. ప్రణవికైతే ముప్పాతిక. తనకన్నా రెండేళ్ళు పెద్దది కదా అని భాను ఆమెను "వదినా" అంటే, "అట్ట పిలవద్దే, నలుగురు పిల్లల తల్లి మాదిరి ఉండాది!" అని ప్రణవి దిండు విసిరింది. తాత బడిపంతులుగా రిటైరై పద్నాలుగేళ్ళయింది. చుట్టుపక్కల తెలుగువాళ్ళకూ, అరవవాళ్ళకూ కూడా ఊరికే జాతకాలు వేసిస్తాడు. ఆ కంప్యూటర్ ఉన్నది అందుకే. ఇంట్లో మిగతావాళ్ళు ఏ పనైనా ఫోన్‌లోనే చేసుకుంటారు. దాని జోలికి ఎవరూ పోరు.

జాతకాలు వేసే ఆ ప్రోగ్రాముది ఒక కథ. ఆరేళ్ళ కింద ఎవరో నెలరోజులు వాడి చూడమని ఇచ్చిన సీడీ అది. నెల దాటితే మూసుకుపోతుంది. పక్క సందులో మిక్సీలు, గ్రైండర్లు, కంప్యూటర్లు బాగుచేసే ఆరోగ్యసామి అప్పుడొక ఉపాయం చెప్పాడు. కంప్యూటర్‌లో తేదీని వెనక్కి తిప్పితే ప్రోగ్రాముకు నెల దాటినట్టు తెలియదు. అప్పట్నుంచీ తాత ప్రతి నెలా ఒకటో తేదీన స్నానం చేసి, విభూతి పెట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని తేదీని ఏప్రిల్ ఒకటి, రెండువేల పంతొమ్మిదికి తిప్పుతాడు. జూన్ ఒకటిన భాను అది కళ్ళారా చూసింది.

"ఏంలేదు అమ్మణ్ణీ," అన్నాడు తాత ఆమె చూపు గమనించి. "దీన్ని మళ్ళీ ఏప్రిల్‌కు తోలతా ఉండా. ఒక్కసారి అసలు తేదీ చూసిందంటే ఇంక జన్మలో తెరుచుకోదంట. నాలుగు వందల పన్నెండు జాతకాలుండాయి దాంట్లో."

భాను తలూపింది. ఆ ఇంట్లో ఆమె ఎక్కువగా చేసింది తలూపడమే.

కళాశాల వాళ్ళు పంపిన పేజీ ఆ ఆదివారం పదకొండింటికి తెరుచుకోవాలి. ముందు నమూనా ఒకటి చూపిస్తారు. రెండింటి తర్వాత ఎప్పుడైనా అసలు పరీక్ష మొదలుపెట్టవచ్చు, గంటసేపు. కానీ సరిగ్గా నాలుగింటికల్లా మొదలుపెట్టకపోతే వాకిలి మూసేస్తారు. మళ్ళీ అవకాశం లేదు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, తలుపు మూసి ఉండాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు, కెమెరా చూస్తూ ఉంటుంది. దానికోసం రాగిణి చిన్న కెమెరా ఒకటి ముందే కొని పెట్టింది.

"తలుపా?" అంది అవ్వ ఆ షరతు విని. "ఆ గది తలుపు మూసి ఎన్నేండ్లయిందో."

నిజమే. జాతకాలకు వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారని ఆ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. దానికి కాపలా ఆ పంచాంగాల దొంతర.

పదకొండింటికి తాతే స్వయంగా పేజీ తెరిచాడు. తెరవగానే ఎర్ర గీతలతో పెద్ద హెచ్చరిక వచ్చింది. ఇంగ్లీషులో ఏదో చాలా రాసి ఉంది. భాను మొదటి వాక్యం కూడబలుక్కునే లోపలే తాత మౌస్ కిందికి జరిపాడు.

"ఈ ఎర్ర పేజీకి భయపడబాక. ఏది తెరిచినా వస్తాది. కింద చిన్న అక్షరాలుంటాయి చూడు, ఆడ నొక్కు. మళ్ళీ ఈడ నొక్కు. అంతే, పోతాది."

పోయింది. కళాశాల గుర్తు వచ్చింది, భాను ఫొటో వచ్చింది, పేరూ నంబరూ వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. దాని కింద గళ్ళ కాగితం రావాలి. ఒక చీర అంచు సగం గీసి ఉంటుంది, మిగతా సగం గడి గడికీ రంగు నొక్కుతూ పూర్తి చేయాలి, పోగులను లాగి పడుగులో అమర్చాలి. అదే పరీక్ష. నాయన మగ్గం పక్కన కూర్చుని భాను అలాంటి గళ్ళు ఎన్ని వందల కాగితాల మీద నింపిందో లెక్కలేదు.

గళ్ళ కాగితం రాలేదు. అది రావలసిన చోట తెల్లటి ఖాళీ డబ్బా, దాని నడిమధ్య చిరిగిన కాగితం బొమ్మ ఒకటి, చిటికెన వేలి గోరంత. పేజీ పైన మాత్రం అంకెలు గబగబా తిరుగుతున్నాయి: వాకిలి మూయడానికి ఇంకా 2253 రోజుల 4 గంటల 51 నిమిషాలు.

ప్రణవి సోఫాలోంచి లేచొచ్చి చూసి పడీ పడీ నవ్వింది. "రెండువేల రోజులా! మెల్లగా రాసుకో భానూ, తొందరేం లేదు. తాతా, సైటే వేస్ట్. వాళ్ళకు లెక్కే రాదు."

నవ్వు పన్నెండింటి దాకానే ఉంది. ఎన్నిసార్లు మళ్ళీ తెరిచినా తెల్ల డబ్బా తెల్ల డబ్బాలాగే ఉంది. ప్రణవి కుర్చీ లాక్కుని కూర్చుంది. దాచుకున్న పాత పేజీలన్నీ తుడిచేసింది. చూసినవేవీ గుర్తుంచుకోని కొత్త కిటికీలో తెరిచి చూసింది. ప్రకటనలు ఆపే చిన్న ప్రోగ్రాము ఏదో ఉంటే తీసేసింది. ఇంటి ఇంటర్నెట్ వదిలేసి తన ఫోన్ నుంచి కలిపింది. ప్రతిసారీ ఎర్ర పేజీ, కింద నొక్కడం, మళ్ళీ నొక్కడం, మళ్ళీ తెల్ల డబ్బా.

"ఒన్నుమే ఇల్లై," అంది చివరికి చేతులెత్తేసి.

"ఏమీ లేదంటే ఎట్ట మే?" అని వంటింట్లోంచి వచ్చిన అవ్వ తడిగుడ్డతో తెర శుభ్రంగా తుడిచింది. దానివల్ల చిరిగిన కాగితం బొమ్మ ఇంకా స్పష్టంగా కనపడింది.

రాగిణి కళాశాల వాళ్ళిచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి దొరికింది. "మిగతా అందరికీ వస్తోంది మేడం. మీ బ్రౌజర్ పాతదై ఉంటుంది, కొత్తది దించుకోండి," అంది. కొత్తది దించుకుందామంటే ఆ పేజీ అసలే తెరుచుకోలేదు. దాని ఎర్ర హెచ్చరికకైతే కింద నొక్కే చోటు కూడా లేదు. రాగిణి ఇరుగుపొరుగుకు ఫోన్లు చేసింది. ఎదురింటివాళ్ళు లాప్‌టాప్‌తో సహా తిరుత్తణిలో ఉన్నారు. పై వీధి పిల్లవాడిది కంపెనీది, దాంట్లో వేరే ఏదీ తెరవనివ్వరు. నెట్ సెంటర్ ఉండేది, ఇప్పుడది జ్యూస్ కొట్టయింది.

"హోసూరు నుంచి ఆయన్ను రమ్మందామా?" అంది రాగిణి.

"వచ్చేసరికి దీపాలు పెట్టే పొద్దయితాది," అంది అవ్వ.

భాను ఇదంతా గుమ్మం దగ్గర కూర్చునే వింది. తనవల్ల ఇంతమంది ఆదివారం పాడైంది. చారు చల్లారిపోయింది, ఎవరూ తినలేదు. ప్రణవి స్నేహితురాళ్ళతో బీచికి పోవలసింది, మానుకుంది. అత్తకు వారానికి దొరికేది ఒక్క మధ్యాహ్నం నిద్ర. "పరవాలేదులే అత్తా, పోనీండి," అని చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ గొంతులో మాట గొంతులోనే ఉండిపోయింది. పోనివ్వడానికి మనసొప్పక కూడా.

రెండున్నరకు ఆరోగ్యసామి వచ్చాడు. చర్చి నుంచి నేరుగా, ఇస్త్రీ చొక్కాతోనే.

"ఎన్నయ్యా ఇది, ఆదివారం కూడా వదలరా నన్ను?" అంటూనే చొక్కా చేతులు మడిచి, కంప్యూటర్ డబ్బా మూత విప్పి, లోపల దుమ్ము ఊదాడు. గది నిండా దుమ్ము లేచింది. తాత తుమ్మాడు. ఆరోగ్యసామి తీగలు పీకి మళ్ళీ పెట్టాడు. బ్రౌజర్ లోపల ఏవేవో మీటలు తిప్పాడు. కొత్త కిటికీలు తెరుచుకోనివ్వమన్నాడు, బొమ్మలు చూపించమన్నాడు, పేజీలో ఆడే ప్రోగ్రాములను ఆడనివ్వమన్నాడు. అన్నీ ముందే సరిగ్గా ఉన్నాయి. మూడింటికి అతను కూడా తల గోక్కున్నాడు.

"అయ్యా, మెషీన్‌లో తప్పేం లేదు. వాళ్ళ సైటే ఖరాబు."

"ఖరాబైతే అందరికీ రాకూడదు గదా," అంది రాగిణి.

"ఫోన్‌లో ఎట్టుందో చూడండి మేడం."

రాగిణి తన ఫోన్‌లో పేజీ తెరిచి అందరికీ చూపించింది. ఎర్ర హెచ్చరిక రాలేదు. "ఈ పరీక్ష ఫోన్‌లో రాయడం కుదరదు" అని మాత్రం ఉంది. అది అందరికీ తెలిసిందే. అందరూ నిట్టూర్చి మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగారు.

భాను మాత్రం ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయింది. ఫోన్‌లో కూడా పైన అంకెలున్నాయి. వాకిలి మూయడానికి ఇంకా 0 రోజుల 0 గంటల 56 నిమిషాలు.

కంప్యూటర్ వైపు చూసింది. 2253 రోజుల 0 గంటల 56 నిమిషాలు.

నిమిషాలు సరిపోయాయి. గంటలు సరిపోయాయి. రోజులే తేడా. వాళ్ళకు లెక్క రాకపోతే ఫోన్‌లో కూడా తప్పే రావాలి కదా.

పోగులు లెక్కపెట్టే ఇంట్లో పుట్టిన పిల్ల. అంకె కనిపిస్తే విడదీసి చూడకుండా ఉండలేదు. డైరీ వెనక పేజీ తిప్పి పెన్సిల్‌తో వేసుకుంది. ఏడాదికి మూడువందల అరవై ఐదు చొప్పున ఆరేళ్ళు, రెండువేల నూటతొంభై. నడుమ లీపు సంవత్సరాలు రెండు, ఇంకో రెండు. మిగిలింది అరవై ఒకటి. జూన్ పదిహేను నుంచి వెనక్కి అరవై ఒక్క రోజులు లెక్కపెట్టింది. ఏప్రిల్ పదిహేను. ఆరేళ్ళ కిందటి ఏప్రిల్ పదిహేను.

తెర కింద మూలన చూసింది. చిన్న అక్షరాల్లో 15-04-2019.

తాత తేదీ! రోజు అంకె సరిగ్గానే ఉంటుంది, నెలా ఏడాదీ ఎవరు చూస్తారు? పేజీ రోజులు లెక్కపెట్టుకునేది ఈ కంప్యూటర్ గడియారం చూసే. ఆ గడియారం తప్పైతే తెల్ల డబ్బా కూడా దానివల్లే కావచ్చు. కావచ్చు, కాకపోవచ్చు. కానీ దాన్ని సరిచేయడమంటే ఏమిటో ఈ గదిలో తాత తర్వాత తనకే బాగా తెలుసు. ఒక్కసారి అసలు తేదీ చూసిందంటే ఇంక జన్మలో తెరుచుకోదు. నాలుగు వందల పన్నెండు జాతకాలు. పైగా ఆ సాయంత్రం ఐదింటికి పక్క వీధి పొన్నమ్మ కూతురి జాతకం కోసం వస్తుంది. మంగళవారం పెళ్ళిచూపులు. తాత పొద్దున్నించీ ఆ మాటే చెబుతున్నాడు.

తన ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతున్న పెద్దమనిషిని, మీ ఆరేళ్ళ పని నాకోసం వదులుకోండి అని ఎలా అడగడం?

మూడూ పన్నెండు. తాత కుర్చీలోంచి లేచి వచ్చి భాను పక్కన, గుమ్మం మీదే కూర్చున్నాడు. ఆయన మోకాళ్ళు టక్కుమన్నాయి.

"అమ్మణ్ణీ," అన్నాడు మెల్లగా. "కంప్యూటర్ ఉండాదని మీ నాయనకు ధైర్యం చెప్పి పిలిపిస్తిమి. ముందే తెలిసుంటే ఏదో ఒకటి చేసుందును. మీ నాయనకు నేను ఏం సమాధానం చెప్పేది?"

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. తుడవవలసింది కళ్ళజోడు కాదని భానుకు తెలిసింది.

అప్పుడు ఆమె అంతవరకూ ఎవరికీ చేయని పని చేసింది. మాట రాదని తెలుసు కనుక మాటకోసం చూడలేదు. డైరీ మొదటి పేజీ తీసి తాత చేతిలో పెట్టింది. ఒక వాక్యం కింద వేలు పెట్టి చూపించింది. తాత కళ్ళజోడు పెట్టుకుని వేలున్న చోటు చదవడం మొదలుపెట్టాడు. బడిపంతులు కదా, మొదటి నుంచి చివరిదాకా చదవకుండా వదిలే అలవాటు లేదు. పేజీ పైకి పోయి అక్కడ్నుంచి వచ్చాడు.

"28-5-2025. ఈరోజు మద్రాసు వచ్చాను. అత్త బస్టాండుకు వచ్చింది. నా సంచీ తనే మోసింది. అవ్వ నా కంచంలో వద్దన్నా మళ్ళీ అన్నం పెట్టింది. ప్రణవి వదిన తన మంచం నాకిచ్చి కింద పడుకుంది, నేల చల్లగా ఉంటుందని అబద్ధం చెప్పింది. తాత కంప్యూటర్‌లో 28-04-2019 అని ఉంది. ఎందుకో అడగాలనిపించింది. అడగలేదు. తాత నన్ను ఏమీ అడగకుండా, రోజూ ఈడ కూర్చుని నేర్చుకో అమ్మణ్ణీ అని కుర్చీ ఇచ్చారు. మా ఊళ్ళో మాస్టారు తప్ప నాకు ఎవరూ కుర్చీ ఇవ్వలేదు. వీళ్ళందరికీ నేను ఏమీ చెప్పలేకపోయాను. దేవుడా, వీళ్ళను చల్లగా చూడు."

తర్వాత భాను వెనక పేజీ లెక్క చూపించింది. రెండువేల రెండువందల యాభై మూడు. తాత తల ఎత్తి తెర మూల చూశాడు.

"సామీ," అని పిలిచాడు. "ఆ ఎర్ర పేజీ మళ్ళీ ఒకసారి తెప్పించు. కింద నొక్కబాక."

ఎర్ర పేజీ వచ్చింది. ఆరేళ్ళుగా తాత, ఈ రోజు అందరూ చదవకుండా దాటుకుంటూ పోయిన పేజీ.

"అమ్మణ్ణీ, నువ్వు చదువు. నువ్వే నిదానంగా చదువుతావు."

భాను వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. ఊరి బడిలో ఇంగ్లీషు అలాగే నేర్పారు, ఒక్క మాట కూడా వదలకుండా. ఐదో వరుసలో ఉంది. ఈ సైటు నమ్మదగిందని చెప్పే పత్రం చెల్లే తేదీ ఇంకా రాలేదు. మీ కంప్యూటర్ గడియారం ఏప్రిల్ 15, 2019 అంటోంది. అది సరైనదో కాదో చూసుకోండి.

అందరి కళ్ళూ తెర మూలకు పోయాయి.

"అయ్యయ్యో!" అని ఆరోగ్యసామి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "తేదీ తిప్పమని చెప్పింది నేనే గదయ్యా! ఇప్పుడు తెలిసింది. పైపేజీని మనం నొక్కి నొక్కి లోపలికి తోసేస్తిమి. గళ్ళ డబ్బా వేరే చోటు నుంచి వస్తాది. దానికీ అదే అనుమానం. దానికి నొక్కేదానికి మనకు చోటే లేదు. నమ్మక రాకుండా ఆడనే నిలబడి పోయింది!"

"ముప్పావు గంట మెషీన్ దులిపావు, తేదీ చూసేదానికి కళ్ళు రాలేదా సామీ?" అంది అవ్వ.

"అమ్మా, మీరు దులపండి, నేను కాదనను."

ప్రణవి మౌస్ అందుకోబోయి ఆగింది. "తాతా, మార్చితే మీ జాతకాలు? గంట తర్వాత మళ్ళీ ఏప్రిల్‌కు తోసేద్దామా?"

ఆరోగ్యసామి తల అడ్డంగా ఊపాడు. "అసలు తేదీ చూసినాక ఎంత తోసినా నమ్మదు. కంప్యూటర్ మేలుకున్నప్పుడే అదీ లోపల మేలుకుని తేదీ చూస్తా ఉంటాది."

భాను గబుక్కున లేచింది. "వద్దు తాతా," అంది. ఆ రోజు ఆమె నోటినుంచి తనంతట తాను వచ్చిన మొదటి మాట అది. "మీ పని... పొన్నమ్మగారు..."

తాత అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు. ప్రతి ఒకటో తేదీన చేసినట్టే వీపు నిటారుగా పెట్టి, తేదీ కిటికీ తెరిచాడు. ఈసారి ముందుకు తిప్పాడు. ఏడాదులు ఒక్కొక్కటే కదిలాయి. ఏప్రిల్ జూన్ అయింది. నొక్కాడు. తెర మీద ఓ పక్కన చిన్న బూడిదరంగు కిటికీ వచ్చింది. గడువు ముగిసిందని రెండే ముక్కల్లో చెప్పింది. తాత దాన్ని ఒక క్షణం చూసి మూసేశాడు.

"ముప్పై ఏండ్లు చేత్తో గుణించి వేసినోణ్ణి," అన్నాడు. "ఈ పెట్టె వచ్చినాక సోమరిపోతునైతిని. పుట్టినోళ్ళ గంటా నిమిషం నా నోటుపుస్తకంలో ఉండాయి. గ్రహాలు యాడికీ పోలేదు. నువ్వు రామ్మా, ఈడ కూర్చో."

పేజీ తెరిచారు. ఎర్ర హెచ్చరిక రాలేదు. కళాశాల గుర్తు, ఫొటో, పేరు. తర్వాత తెల్ల డబ్బా ఒకసారి మిణుకుమని, పైనుంచి కిందికి గళ్ళు గళ్ళుగా నిండింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. సగం గీసిన హంస అంచు. మిగతా సగం ఖాళీగా తనకోసం ఎదురుచూస్తోంది.

"వచ్చెరా!" అని అరిచింది అవ్వ, ఎవరిని అంటుందో ఆమెకే తెలియకుండా. ప్రణవి భానును వెనకనుంచి గట్టిగా పట్టుకుని అరవంలో ఏదేదో అంది. రాగిణి కొంగుతో ముఖం తుడుచుకుంది.

మూడూ ముప్పై ఐదు.

"బయటికి, అందరూ బయటికి!" అని తాత చేతులు ఊపాడు. "గదిలో ఎవరూ ఉండకూడదంట. సామీ, నీ స్క్రూలు తీసుకుని నడువు. ప్రణవీ, ఆ కెమెరా తగిలించి నువ్వూ రా."

అందరూ బయటికి నడిచారు. తలుపు లాగబోతే కదల్లేదు. పంచాంగాల దొంతర అడ్డం. తాత వంగి ఒక్కొక్కటే తీయసాగాడు. దుమ్ము దులిపి సంవత్సరం పేరు చదువుతూ. "ఆ... విక్రమ. పొన్నమ్మ కూతురు పుట్టింది విక్రమలోనే గదా. ఇన్నాళ్ళూ తలుపు కాస్తా ఉండావా నువ్వు? రా, పని ఉండాది." విక్రమను చంకలో పెట్టుకుని, మిగతావి ప్రణవి చేతులకెత్తాడు. దొంతర ఉన్న చోట నేల మీద నలుచదరంగా, గడిలాగా, శుభ్రమైన మచ్చ మిగిలింది.

భాను కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వచ్చింది. వసారాలో వాళ్ళందరూ నిలబడి ఉన్నారు. జాతకాలు వదులుకున్న తాత, చల్లారిన చారు అవ్వ, బీచి మానుకున్న వదిన, నిద్ర మానుకున్న అత్త, ఆదివారం చొక్కా నిండా దుమ్ముతో ఆరోగ్యసామి. పద్దెనిమిది రోజులుగా డైరీలోనే ఉండిపోయిన మాట ఈసారి నిజంగానే గొంతు దాటి పైకి వస్తోందని ఆమెకు తెలిసింది.

"అవ్వా, నేను మీకందరికీ..."

"మే, ఆడ గడియారం తిరగతా ఉండాది, ఈడ కథలు చెప్తావా?" అంది రాజలక్ష్మి అవ్వ. భాను చెంప మీద ఒకసారి చెయ్యి వేసి, అదే చేత్తో ఆమెను లోపలికి నెట్టింది. "ఏం రాసినావో తాత చదివినాడు, అందరం విన్నట్టే. పో, పొయ్యి నీ గళ్ళు నింపుకో."

ఎన్నో ఏళ్ళుగా కదలని కీళ్ళు కిర్రుమన్నాయి. అవ్వ రెండు చేతులా బలంగా లాగి, భాను ముఖం మీదే తలుపు మూసేసింది.